పాలుకు పెట్టిన గుడ్లు

ఒడిలో గుడ్ల బుట్ట పెట్టుకుని భద్రాచలం బస్సులో కూర్చున్న మనిషిని ఎవరూ పరిశోధకుడు అనుకోరు. గుడ్ల వ్యాపారి అనుకుంటారు. కాస్త ఇస్త్రీ చొక్కా వేసుకుంటే, అత్తగారింటి నుంచి వస్తున్న అల్లుడు అనుకుంటారు. ఆ రెండోది నా విషయంలో నిజమే. అప్పట్లో నేను కొత్తగూడెంలో అత్తగారింట్లోనే ఉండేవాణ్ణి. మామగారు బొగ్గు గనిలో పనిచేసేవారు. వాళ్ల కంపెనీ క్వార్టరులో ఒక గది మాది. మరొకరి గూట్లో, మరొకరి వెచ్చదనంలో ఒదిగి పడుకున్న గుడ్డుకు ఎలా ఉంటుందో పుస్తకాలు చదవకుండానే నాకు తెలుసు.

ఊరి చివర ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు అవి. జిల్లాలో సందుకొక కాలేజీ లేచింది. కాలేజీకొక బోర్డు లేచింది. బోర్డు మీద పేర్ల పక్కన డాక్టర్ అని రాయించుకోవడానికి మాలాంటివాళ్లం పీహెచ్‌డీలకు లేచాం. నేను ఎంచుకున్నది కణితుల విషయం. ఈ గడ్డ మీద పుట్టినందుకు గడ్డల మీదే పరిశోధన చేస్తున్నానని స్టాఫ్ రూములో ఒక మాట అనేవాణ్ణి. మొదటిసారి ఇద్దరు నవ్వారు, రెండోసారి ఒక్కరు. ఆ తర్వాత ఆ బాధ్యత నేనే తీసుకున్నాను.

సంగతి ఏమిటంటే, ఒంట్లో లేచే కణితి అనుమతి లేకుండా లేచిన కాలనీ లాంటిది. చిన్నగా ఉన్నంతకాలం పక్కింటి పంపు నీళ్లతో సర్దుకుంటుంది. పెరగాలంటే మాత్రం సొంత పైపు కావాలి. అందుకని చుట్టుపక్కల రక్తనాళాలకు కబురు పంపుతుంది. అవి కొత్త కొమ్మలు వేసుకుంటూ దాని గుమ్మం దాకా వస్తాయి. ఆ పైపులు పడకుండా ఆపగలిగితే కణితి ఉన్నచోటే ఉసూరుమంటుంది. అలా ఆపే పదార్థాలు కొన్ని మొక్కల్లో ఉన్నాయని అప్పటికే చాలామంది చూశారు. పసుపులో చూశారు, టీ ఆకులో చూశారు. నేను పట్టుకున్నది నేలవేము. మా వైపు అడవి అంచున ఎక్కడబడితే అక్కడ మొలిచే మొక్క. జ్వరమొచ్చినవాడికి దాని కషాయం పోస్తే, జ్వరం కంటే ముందు మనిషే లేచి పారిపోతాడు. అంత చేదు.

దాని సారం రక్తనాళాలను ఆపుతుందా లేదా అని చూడటానికి ఒక పరీక్ష ఉంది. కోడిగుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడు పెంకు లోపల పల్చటి పొర మీద ఎర్రటి నాళాలు అల్లుకుంటాయి. పెంకుకు చిన్న కిటికీ కోసి, ఆ పొర మీద సారం అద్దిన కాగితం బిళ్ల పెట్టి, కిటికీకి ప్లాస్టరు అంటించి, రెండు రోజుల తర్వాత తెరిచి చూడాలి. నాళాలు బిళ్ల కిందికి పాకితే సారంలో సారం లేదన్నమాట. పక్కకు తప్పుకుంటే పండగ. అవసరమయ్యేది గుడ్డూ వేడీ, అంతే.

ఆ వేడి దగ్గరే నా చదువు చల్లబడింది. కాలేజీలో ఇంక్యుబేటరు ఉంది, దానికి కరెంటు లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పగలిగేవాళ్లు ఉండేవాళ్లు గాని, ఎప్పుడు వస్తుందో చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. రెండు విడతల గుడ్లు చల్లబడి చచ్చిపోయాయి. కరెంటు పోనిది కొత్తగూడెంలో కంపెనీ క్వార్టర్లలోనే. అందుకని మూడో విడత గుడ్లను అత్తగారి వంటింటి అల్మారాలో బల్బు పెట్టి దాచాను. వాటిలో ఒకటి కుళ్లి, ఒక మధ్యాహ్నం టపాకాయలా పేలింది. అప్పుడు మా అత్తగారు వడియాల డబ్బా కోసం అల్మారా తెరిచి ఉన్నారు. స్నానం చేసి వచ్చి, ఇకమీద రెండు రోజులకు మించి ఏ గుడ్డూ ఈ ఇంట్లో ఉండకూడదని కూతురితో చెప్పారు. ఆ మాట గుడ్ల గురించేనా అని నేను చాలాసేపు ఆలోచించాను.

అప్పుడు మా ఆవిడే అన్నది, గుడ్లకు కోడి ఉండాలి గాని కరెంటు ఎందుకని. మీ పెద్దమ్మ దగ్గర ఎప్పుడు చూసినా ఏదో ఒక కోడి పొదుగుతూనే ఉంటుంది గదా అని.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, పాల్వంచ దాటాక రోడ్డు అడవిలోకి జొరబడే చోట ఒక చిన్న ఊళ్లో కొడుకూ కోడలితో ఉండేది. మిర్చి, పత్తి వాళ్లవి. కోళ్లు మాత్రం పెద్దమ్మవి. వాటి జోలికి కొడుకైనా వెళ్లడానికి వీల్లేదు. ఆ ఏడాదికి పెద్దమ్మ మెడ మీద ఒక గడ్డ ఉంది. మొదట రేగుపండంత అన్నారు, తర్వాత ఉసిరికాయంత అన్నారు. ఆమె దానిమీద కొంగు కప్పుకుని, లేనట్టే తిరిగేది. దవాఖానాకు పోదామని కొడుకు అడిగాడు, కోడలు అడిగింది, మా అమ్మ వెళ్లి అడిగి ఏడ్చి వచ్చింది. పెద్దమ్మకు రెండు జవాబులుండేవి. కత్తి తగిలితే గడ్డ ఒళ్లంతా పాకుతుందనేది ఒకటి. నేను పోతే కోళ్లను ఎవరు చూస్తారనేది రెండోది. మొదటి దానికి వాదించేవాళ్లు ఉన్నారు గాని, రెండో దాని ముందు అందరూ ఓడిపోయారు.

గుడ్ల విషయం అడగడానికి వెళ్లినప్పుడు ఆమె మెడ వైపు చూడకుండా మాట్లాడటానికి చాలా కష్టపడ్డాను. ఆమె నా గుడ్ల మాట విని, ఒక్క ప్రశ్న వేసింది.

"పాలుకేనా?"

మా వైపు పాలుకు పెట్టడం అంటే ఇది: గుడ్లు నీవి, కోడి నాది. పొదిగి సాకేది నా కోడి కాబట్టి పిల్లల్లో సగం నీకు, సగం నాకు. ఇందులో కాగితాలుండవు, సంతకాలుండవు. ఊళ్లో అన్నదమ్ముల భూమి పంపకాలు తెగక ఏళ్లు పట్టిన సందర్భాలున్నాయి గాని, కోడిపిల్లల పాలు తెగక ఎవరూ పంచాయితీకి వెళ్లలేదు. నేను పాలుకేనని ఒప్పుకున్నాను. ఆ తర్వాత నెమ్మదిగా, ఈ గుడ్లలోంచి పిల్లలు రావనీ, వారం తిరిగేసరికి వచ్చి తీసుకుపోయి కిటికీ కోస్తాననీ చెప్పాను.

"పిల్లలు రాకుంటె నాకేం పాలొస్తది కొడకా?"

అది తర్వాత చూద్దాం పెద్దమ్మా అన్నాను. జీవితంలో చాలా ఇబ్బందులు నాకు ఆ వాక్యంతోనే మొదలయ్యాయి.

గుడ్లు కొత్తగూడెం మార్కెట్లో ఒక సాయిబు గారి దుకాణంలో కొనేవాణ్ణి. మేమంతా ఆయన్ను చాచా అనేవాళ్లం. మూడు తరాలుగా వాళ్లది గుడ్ల వ్యాపారమే. ఫారం గుడ్లు నాకు పనికిరావు, పుంజుతో తిరిగిన నాటుకోళ్ల గుడ్లే కావాలి. ఆ సంగతి నేను పదిమందిలో గొంతు తగ్గించి చెప్పబోతే, ఆయన గొంతు పెంచి భరోసా ఇచ్చాడు: "సార్, నా దగ్గర ప్రతి గుడ్డుకు బాప్ ఉన్నడు. గ్యారంటీ." ఆ గ్యారంటీని బుట్టలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. పోయేటప్పుడు పచ్చి గుడ్లు, వచ్చేటప్పుడు పొదిగిన గుడ్లు. గుంత వచ్చినప్పుడల్లా బుట్టను రెండు చేతులా గాల్లోకి ఎత్తి పట్టుకునేవాణ్ణి. కండక్టరు దాన్ని చూసి చూసి, గుంత వచ్చే ముందు నన్ను పిలిచి హెచ్చరించడం అలవాటు చేసుకున్నాడు.

ఊళ్లో మాత్రం వేరే మాట పుట్టింది. మా వదిన, అంటే పెద్దమ్మ కోడలు, నోరున్న మనిషి. ఈయన సగం పొదిగిన గుడ్లు పట్టుకుపోతున్నాడు, పిల్లలు చేయడం లేదు, మరి ఏం చేస్తున్నట్టు అని బోరింగు దగ్గర ఎవరో అడిగితే, తింటున్నాడేమో అని నవ్వుతూ అన్నదట. ఆ నవ్వు బోరింగు దగ్గరే ఉండిపోయింది, మాట మాత్రం ఊరంతా తిరిగింది. తర్వాతి వారం బస్సు దిగగానే ఒక పెద్దమనిషి నన్ను చింతచెట్టు చాటుకు పిలిచి, అట్లా తింటే నడుము నొప్పికి పని చేస్తుందా అని అడిగాడు. లేదన్నాను. నాకు చెప్పడం ఇష్టం లేదనుకుని వెళ్లిపోయాడు.

గుడ్లు నిలిచాయో లేదో చూడటం పెద్దమ్మ పని. తలుపు సందులోంచి గదిలోకి పడే ఎండకు గుడ్డును అడ్డం పెట్టి, అరచేతిని గొట్టంలా చుట్టి, ఒక కన్ను మూసి చూసేది. నిలిచిన గుడ్డులో ఎర్రటి దారాలు కనిపిస్తాయి. నిలవంది తేటగా ఉంటుంది. ఒకరోజు అలా చూస్తూ చూస్తూ, గుడ్డు దించకుండానే అడిగింది.

"నువ్వు ఆపుతనంటున్నది గీ దారాల్నేనా?"

అవునన్నాను.

"నా గడ్డకు గూడ గిట్లనే ఉంటయా?"

ఉంటయి పెద్దమ్మా అన్నాను.

ఆమె గుడ్డును కోడి కిందికి తిరిగి జరిపింది. చేయి దులుపుకుంది.

"అయితే నాకు పిల్లలొద్దు. నా పాలు మందుల ఇయ్యి."

పక్కన మిర్చి తొడిమలు తీస్తున్న వదిన తలెత్తింది. "అత్తకు సగం మందు, మరిదికి సగం మందు. దినాం కోడి మీద గంప మూసేది నేను. నాకేం లేదా?"

ఇది మందు కాదు, మందు కావచ్చేమో అని చూడటం మాత్రమే అని నేను చెప్పాను. గుడ్డు వేరు మనిషి వేరు అని చెప్పాను. ఆ రోజు నేను క్లాసులో కంటే బాగా చెప్పాననే ఇప్పటికీ అనుకుంటాను. అంతా విని పెద్దమ్మ, నేలవేము మన పెరట్లోనే ఉంది గదా, నువ్వు చేసేదాకా నేనే కాచుకు తాగుతానన్నది. కాచిన నీళ్లలోకి ఆ పదార్థం సరిగ్గా దిగదు, స్పిరిట్‌లో నానబెట్టి తీయాలి, ఎంత తీయాలో కూడా ఇంకా ఎవరికీ తెలీదు అని మొత్తుకున్నాను. ఆమె వినలేదు. కాచుకుంది, తాగింది. నా శాస్త్రం ఆపలేని దాన్ని ఆ చేదే ఆపింది. గడ్డ పోయే లోపల నేను పోయేటట్టున్న అని, రెండోనాడే గిన్నె కడిగి బోర్లించిందట.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఆ తర్వాత మా అమ్మ ఫోను చేసి చెప్పిన మాటకు నాకు నవ్వు రాలేదు. దవాఖానా మాట ఎత్తినప్పుడల్లా పెద్దమ్మ ఇప్పుడు కొత్త జవాబు చెబుతోందట. మందు ఇంట్లోనే పొదుగుతుంటే దవాఖానా ఎందుకు, నాకు అందులో సగం పాలున్నది అంటోందట. పాత రెండు జవాబులూ మానేసిందట. ఇన్నాళ్లూ ఆమె భయపడి వెళ్లలేదు. ఇప్పుడు ధైర్యంగా వెళ్లడం లేదు. ఆ ధైర్యం నా బుట్టలోంచి వచ్చింది. గడ్డ అప్పటికి ఉసిరికాయ దాటింది.

ఇక గుడ్లు తీసుకుపోవడం మానేద్దామా అనుకున్నాను. మానేస్తే మందు చేయడం చేతకాక పారిపోయాడంటుంది పెద్దమ్మ గాని, దవాఖానాకు పోయే ఖమ్మం బస్సయితే ఎక్కదు. పైగా నా గైడు గారు, ఆ ఎండాకాలం లోపు ఫలితం చూపకపోతే అంశం మార్చుకోమన్నారు. ఆయన అనడం కూడా చాలా మెత్తగా అన్నారు. మెత్తగా అనేవాళ్లతోనే ఎక్కువ భయం.

ఆ ఎండాకాలమే ఒక మధ్యాహ్నం ఫలితం వచ్చింది. అత్తగారు దయతలచి ఇచ్చే రెండు రోజులూ పూర్తయ్యాయి. అల్మారాలోంచి గుడ్లు తీసి, ప్లాస్టరు ఊడదీసి, భూతద్దంతో చూశాను. ఉత్త నీళ్లు అద్దిన బిళ్లల కిందికి నాళాలు మామూలుగా పాకి వెళ్లాయి. నేలవేము సారం అద్దిన బిళ్ల దగ్గరికి వచ్చినవి అక్కడ ఆగి, సన్నబడి, పక్కకు ఒంగి వెళ్లిపోయాయి. టికెట్ లేని ప్రయాణికుడు కండక్టరును చూసి జరిగిపోయినట్టు. ఒక గుడ్డులో కాదు, చూసినవాటిలో ఎక్కువ గుడ్లలో అట్లాగే ఉంది. మా ఆవిడను పిలిచాను. ఆమె తన తల్లిని పిలిచింది. అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరం నుంచే చూసి, ముగ్గు లెక్కున్నది అన్నారు. ఆ ఇంట్లో నేను అందుకున్న మొదటి మెచ్చుకోలు అదే.

సంతోషం పట్టలేక, ఒక సారం గుడ్డునూ మూడు ఉత్త నీళ్ల గుడ్లనూ మళ్లీ ప్లాస్టరు అంటించి, దూదిలో చుట్టి, చాచా దగ్గర కొన్న పచ్చి గుడ్ల పక్కన పెట్టుకుని బస్సెక్కాను. పెద్దమ్మకు చూపించాలనే తొందరలో, చూపిస్తే ఏమవుతుందో ఆలోచించలేదు.

కోళ్ల గంపల ముందు కూర్చుని భూతద్దంలోంచి ఆమె చాలాసేపు చూసింది.

"ఆగినయ్."

"ఆగినయ్ పెద్దమ్మా. గుడ్డుల ఆగినయ్."

"అయితే మందు దొరికింది. పాలు తెంపు."

నేను మళ్లీ మొదలుపెట్టాను. గుడ్డు తర్వాత ఎలుకలు, ఎలుకల తర్వాత మనుషులు. ఏళ్లు పడుతుంది. ఏళ్లు పట్టాక కూడా పనికిరాదని తేలొచ్చు. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఇంకా గుడ్డుల్నే ఉన్నదంటవ్."

"అవ్."

"గుడ్డుల ఉన్నదాన్ని ఎవ్వరు పంచుకోరు," అని తనే ఒప్పుకుంది. పిల్లలు పెరిగి, తల్లి వాటిని పొడిచి తరిమిన తర్వాతే పాలు తెగాలని, అందాకా గద్ద ఎత్తుకుపోయినా అడవిపిల్లి ఎత్తుకుపోయినా ఇద్దరి నష్టమేనని పద్ధతి వివరించింది. గద్దకూ గడ్డకూ మధ్య ఉన్నది ఒక్క అక్షరమే గదా అని నాకు తోచింది గాని, నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆమె మాటల్లోనే నాకు ఒక దారి కనిపించింది.

"అందాక తల్లి బతికుండాలె గద పెద్దమ్మా. తల్లికోడికి మెడకాడ గడ్డ లేసిందనుకో. నువ్వేం జేస్తవ్?"

"కోస్తం," అన్నది ఆమె తడుముకోకుండా. "కూర వండుకుంటం."

వదిన తొడిమలు తీయడం ఆపి, పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. దారి కనిపించిందనుకుని ఇంత లోతు గుంతలో దిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ గుంతను ముందే చూసి హెచ్చరించడానికి కండక్టరు కూడా లేడు. ఈసారి ఎత్తులేమీ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగాను.

"మరి తల్లి మధ్యల పోతే, పిల్లలు ఎవరియి?"

"గుడ్లు పెట్టినోనియే. కోడి పోయినంక సాకేది ఆయన్నే గద. ఇగ కోడోళ్లకేం పాలు," అన్నది పెద్దమ్మ, అందరికీ తెలిసిన సంగతి అడిగినందుకు విసుక్కుంటూ.

అని, ఆగిపోయింది.

వదిన నవ్వు కూడా ఆగింది. గంప కింద కోడి ఒకసారి గుర్రుమని సర్దుకుంది. పెద్దమ్మ నన్ను తేరిపార చూసింది. చిన్నప్పుడు మామిడిపళ్లు పంచేటప్పుడు ఎవడు రెండోసారి వరసలో నిలబడ్డాడా అని అట్లాగే చూసేది.

"అంటే, మధ్యల నేను వోతే మందు మొత్తం నీకే."

"నాకు గంత ఆశ లేదు పెద్దమ్మా," అన్నాను. "కానీ పద్ధతి నువ్వు చెప్పిందే."

ఆమె కొంగు తీసి మెడ తుడుచుకుంది. ఆ గడ్డను నేను పూర్తిగా చూడటం అదే మొదటిసారి. మళ్లీ కప్పుకుని లేచి, గంపలన్నిటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఖమ్మం బస్సు పొద్దుగాల ఎన్నింటికి?" అని కోడల్ని అడిగింది. తర్వాత నా వైపు తిరిగి, "వచ్చేదాక కోళ్ల కాడ నువ్వే ఉంటవ్. ఒక్క గుడ్డు చల్లబడ్డా నీ పాలుల కోస్త," అన్నది.

అలా అత్తాకోడళ్లిద్దరూ ఖమ్మం వెళ్లారు. నేను కాలేజీకి ఒంట్లో బాగాలేదని సెలవు చెప్పి, పెద్దమ్మ కోళ్ల దగ్గర ఉండిపోయాను. అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, పొద్దున్నే తోటకు పోయి పొద్దుగూకాక వచ్చేవాడు. పొదిగే కోడి రోజుకొకసారి లేచి మేత తిని, నీళ్లు తాగి, దుమ్ములో పొర్లి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. వదిన చెప్పి వెళ్లింది ఇంతే. కోడి మాత్రం నన్ను చూస్తే మేత మర్చిపోయి మీద పడేది. చేతుల మీద గాట్లు పడ్డాయి. నేను గంప ఎత్తే విధానం చూడటానికి అవతలి గుంపులోని, అంటే చిన్న గూడెంలోని, కోయ అక్కలు అంగడికి పోతూ పోతూ కంచె దగ్గర ఆగేవాళ్లు. వాళ్ల భాష నాకు రాదు. నవ్వు అర్థమైంది.

నేను తెచ్చిన ప్లాస్టరు గుడ్లు ఒక సమస్య అయ్యాయి. సారం పెట్టినదానిలో పిల్ల అప్పటికే ప్రాణం వదిలింది. ఉత్త నీళ్లవి మూడూ బతికే ఉన్నాయి. వాటిని పెట్టడానికి కరెంటు అల్మారా లేదు. కోడి మేతకు లేచిన సమయం చూసి, మిగతా గుడ్ల మధ్యలో ప్లాస్టరు వైపు పైకి ఉండేలా జరిపి పెట్టాను. కోడి తిరిగొచ్చి, ఒక్కొక్క దాన్నీ ముక్కుతో కదిలించి, ఒకదాన్ని బయటికి తోసేసింది. రెండింటిని ఒప్పుకుంది. ఏ లెక్కన ఒప్పుకుందో ఇప్పటికీ తెలీదు. గైడు గారు కూడా నా అధ్యాయాలను అట్లాగే చూసేవారు.

ఖమ్మంలో ఏం జరిగిందో వదిన తర్వాత చెప్పింది. డాక్టరు సూది పరీక్ష చేసి, ఇది తీసేయాల్సిన గడ్డే, చెడ్డ రకమే, కానీ నిదానంగా నడిచే రకం, ఇంకా గీత దాటలేదు అన్నాడట. ఇంకా ఆలస్యం చేస్తే మాత్రం చెప్పలేం అన్నాడట. కత్తి తగిలితే పాకుతుందా అని పెద్దమ్మ అడిగింది. వదిలేస్తేనే పాకుతుందమ్మా అన్నాడాయన. అప్పుడు పెద్దమ్మ, సరే కోయి, కానీ నేను బతకాలె, మా చెల్లె కొడుకు కాడ నాకు సగం పాలున్నది, అది తెగేదాక నేను ఉండాలె అన్నది. డాక్టరు కాస్త ఇబ్బందిగా చూసి, భూమి తగాదానా అమ్మా అని అడిగాడట. కాదు, మందు తగాదా అన్నదట పెద్దమ్మ. ఆయన మత్తు డాక్టరును పిలిచి, ఈమెను జాగ్రత్తగా చూసుకోమని చెప్పాడట.

ఆపరేషన్ రోజు అన్న కూడా ఖమ్మం వెళ్లాడు. ఆ పగలంతా నేను గంపల ముందు కూర్చుని, రోడ్డు వైపు చూస్తూ, సెల్‌ఫోను పట్టుకుని గడిపాను. ఆ ఊళ్లో సిగ్నలు పెద్దమ్మ ఇంటి గడ్డివాము మీద మాత్రమే అందేది. చివరికి నిచ్చెన వేసుకుని గడ్డివాము ఎక్కి కూర్చున్నాను. కింద కోడి, పైన నేను, ఇద్దరం పొదుగుతున్నట్టే ఉన్నాం. సాయంత్రానికి అన్న ఫోను వచ్చింది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నాడు. కళ్లు తెరవగానే గుడ్లు చల్లబడ్డాయా అని అడిగిందన్నాడు. చల్లబడలేదని చెప్పు అన్నాను. రెండుసార్లు చెప్పాను.

రెండు వారాలకు పెద్దమ్మ మెడకు కట్టుతో బస్సు దిగింది. మాట్లాడొద్దన్నారని సైగలు చేస్తూ, ఇంట్లోకి కూడా పోకుండా నేరుగా గంపల దగ్గరికి వచ్చింది. ఒక్కొక్క గంప ఎత్తి చూసింది. మూడో గంప కింద తల్లి రెక్కల సందులోంచి ఒక పిల్ల తల బయటపెట్టింది. దాని పక్కన ప్లాస్టరు అంటుకున్న పెంకు పడి ఉంది. రెండింటిలో ఒకటి నిలిచింది. నేను కిటికీ కోసి, నీళ్ల బిళ్ల పెట్టి, బస్సులో గుంతల మీద తిప్పి, అన్ని రకాలుగా చంపడానికి చూసిన గుడ్డులోంచి పిల్ల బయటికొచ్చింది.

పెద్దమ్మ ఆ పెంకును చేతిలోకి తీసుకుని, ప్లాస్టరును గోటితో తడిమింది. తర్వాత తన మెడ కట్టును తడుముకుంది. నా వైపు చూసి, మాట్లాడొద్దన్న మాట మర్చిపోయింది.

"ఇది ఎవరిది?"

గుడ్డు నాది, కోడి నీది అన్నాను. ఒకటే గదా, ఎట్లా పంచుకుందాం అన్నాను. తీసుకో పెద్దమ్మా, మొత్తం నీదే అన్నాను.

"రెక్కలు రానియ్యి," అన్నది ఆమె.

రెక్కలు వచ్చాయి, పుంజు అయింది, ఆ ఇంటి పెరట్లో అందరినీ తరిమింది. నన్ను ఎక్కువ తరిమింది. దాని పాలు ఎప్పటికీ తెగలేదు. నా పరిశోధన కూడా ఎలాగో రెక్కలు విదిల్చుకుని పట్టా అయింది. పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్ గారు ఇలాంటిది ఇంతకుముందు వేరేవాళ్లు కూడా చూశారు గదా అన్నారు. చూశారండీ, మా అత్తగారి అల్మారాలో మాత్రం ఎవరూ చూడలేదు అందామనుకుని, థాంక్యూ సార్ అన్నాను. బోర్డు మీద నా పేరు పక్కన డాక్టర్ అని చేరింది. ఊళ్లో ఆ పెద్దమనిషి మళ్లీ నడుము నొప్పి గురించి అడిగాడు. నేలవేములోని ఆ పదార్థం గుడ్డు దాటి ఎలుకల దాకా వెళ్లిందని ఎక్కడెక్కడివాళ్లో రాసినవి చదువుతుంటాను. మందు అయిందని మాత్రం ఎక్కడా చదవలేదు.

గడ్డతో పాటు థైరాయిడ్ గ్రంథి కూడా తీసేశారు గనుక పెద్దమ్మ రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకోవాలి. జీవితాంతం వేసుకోవాలన్నారు. మానేస్తుందేమోనని అందరికీ భయం. ఆమె ఆదివారాలు వదిన చేత నాకు ఫోను కలిపిస్తుంది. మంచీ చెడ్డా ఏమీ ఉండదు. నేరుగా మందు పాలు లెక్కలోకి దిగుతుంది.

"పొడిచి తరిమిందా?"

"ఇంకా లేదు పెద్దమ్మా. ఇంకా తల్లి కాడనే ఉన్నది."

అవతల వదినను పిలవడం వినిపిస్తుంది, మాత్ర ఎక్కడ పెట్టినవ్, నీళ్లు తే అని.

"అయితే నేనింక ఉండాలె," అని ఫోను పెట్టేస్తుంది.